పక్క తడుస్తోందని నీళ్ళు మాన్పించకండి

"మా మామ పక్కంత తడుపుతుండు సారూ, అందుకే నీళ్ళు తక్కువ చేసినం." నారాయణఖేడ్‌లో ఈ మాట తరచు వింటాను. నీళ్ళు మాన్పించకండి, మూత్రం ఎప్పుడు, ఎలా పోతోందో చూడండి. దగ్గినా తుమ్మినా చుక్కలు పడితే కింది కండరాలు వదులైనట్టు. కాన్పులైన ఆడవాళ్ళలో ఇది ఎక్కువ, పాపం సిగ్గుతో చెప్పరు. వస్తోందనగానే పోతే మూత్రపరీక్ష, షుగరు పరీక్ష అవసరం. మోకాళ్ళ నొప్పులతో దొడ్డిదాకా నడవలేని మనిషికి మంచం పక్కన డబ్బా పెడితే చాలు.

నాకు భయం నాలుగోదానితోనే. రాత్రింబగళ్ళు చుక్కచుక్కగా కారుతూ, బొడ్డు కింద ఉబ్బెత్తుగా తగిలితే మూత్రాశయం నిండి పొర్లుతోందన్నమాట. ఒక పెద్దాయనకు గొట్టం వేస్తే లీటరు పైగా వచ్చింది! మగవాళ్ళలో తరచు ప్రోస్టేటు గ్రంథి వాపే కారణం. ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. గుడ్డలు మారుస్తూ కూర్చోక ఆ రోజే ఆస్పత్రికి తీసుకురండి.