చెప్పుకోలేని అలసట

తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి తెల్లవారకముందే బండెక్కి గుంటూరు, విజయవాడల్లోని కొలువులకు వెళ్లి, చీకటి పడ్డాక ఇల్లు చేరే ఉద్యోగి తన అలసటను నిద్రలేమిగానో, కడుపులో మంటగానో చెప్పుకుంటాడే తప్ప మనసుకు సంబంధించినదిగా ఒప్పుకోవడం అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పు ఇటువంటి అలసటను ‘బర్నవుట్’ అన్న పేరుతో నిర్వచించింది. పని ఒత్తిడి అదుపు తప్పి చాలాకాలం సాగడం వల్ల శక్తి హరించుకుపోయి, పనిపై విముఖత పెరిగి, సామర్థ్యం సన్నగిల్లే స్థితి అది. దీనిని జబ్బుగా కాక వృత్తి సంబంధమైన పరిస్థితిగా పరిగణించడం ఎంతో ముఖ్యం, ఎందుకంటే లోపాన్ని మనిషిలోనే కాక పని తీరులోనూ వెతకాలన్న సూచన అందులో ఉన్నది.

ఇలా మనసులోని బాధను పైకి చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోయే సీతారామారావును రచయిత త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ నవలలో తెలుగువారి ముందు నిలిపాడు. అటువంటివాని మాట తీర్పు చెప్పకుండా, గోప్యత పాటిస్తూ విని, తన ఆలోచనల చిక్కును తానే విప్పుకొనేలా తోడుండే, శిక్షణ పొందిన వ్యక్తి పనినే కౌన్సెలింగ్ అంటారు; బంధువులిచ్చే సలహా, ఎంత ప్రేమతో ఇచ్చినదైనా, ఆ పని చేయలేదు.

ఇటువంటి కౌన్సెలింగ్‌ను ఫోనులో అందించేందుకు 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా అందుతున్నది. అయితే రెండు గదుల ఇంట్లో ఆరుగురి మధ్య బతికే ఉద్యోగికి ఆ ఫోను మాట్లాడేందుకు మేడమీదో, చెరువుగట్టునో ఏకాంతం వెతుక్కోవలసి వస్తున్నది.