శుక్రవారం ఆట

శుక్రవారం వచ్చిందంటే సింగపూరు చాంగీ బిజినెస్ పార్కులో మధ్యాహ్న భోజనాల దగ్గర మాటలు మెల్లగా కొత్త తెలుగు సినిమా మీదికి మళ్లుతాయి. టిక్కెట్లు దొరికాయా, ఏ హాల్లో, ఎన్నింటికి? ఇక్కడి గడియారం హైదరాబాదు కంటే రెండున్నర గంటలు ముందే నడుస్తుంది. అయినా ఆఫీసయ్యి ఎక్స్‌పో స్టేషన్లో రైలెక్కే వేళకి అక్కడ ఉదయం ఆట చూసినవాళ్ల కబుర్లు ఫోన్లలో వచ్చేసి ఉంటాయి. కథ తెలిసిపోయినా వెళ్తాం. ఎందుకు?

2022 మార్చిలో ‘ఆర్ఆర్ఆర్’ సినిమా వచ్చింది. హాల్లో అందరికీ మాస్కులే, ఎవరి ముఖమూ ఆనలేదు. వెనక వరుసలో ఎవరో పెద్దావిడ ఉన్నట్టుండి ‘అయ్యో నాయనా!’ అంది. తెరమీది యుద్ధం కన్నా ఆ గొంతే నన్ను ఎక్కువ కదిలించింది. ఊళ్లో అమ్మలక్కల మధ్య కూర్చున్నట్టయింది.

సింగపూరులో అధికార భాషలు నాలుగు, వాటిలో తెలుగు లేదు. మన పిల్లలు బళ్లో హిందీయో తమిళమో చదువుకుంటారు. వాళ్లకి తెలుగంటే అమ్మా నాన్నల గొంతులే. ఇంతమంది ఒక్కసారిగా తెలుగులో నవ్వడం వాళ్లు వినేది ఈ చీకటి హాల్లోనే.

ఈసారి మంచి సినిమా వస్తే, రేటింగు చూసుకుని పిల్లల్నీ తీసుకెళ్లండి. తెర కిందనున్న ఇంగ్లీషు అక్షరాలు వదిలేసి, కాసేపు వినమనండి.