ఫ్లారెన్సు నగరమున కాలినడక

క్రొత్త నగరమును బండిలో గూర్చుండి చూచుట వేఱు, కాలినడకను చూచుట వేఱు. బండి మనలను పేరుగన్న కట్టడముల ముంగిట దింపును. నడక యన్ననో, వాని నడుమ నున్న ఇండ్లను, మనుష్యులను, మఱుగుపడిన సంగతులను చూపును. ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున మేమొక్కరమే ఒక దినమెల్ల నడచితిమి. ఆ నగరపు కీర్తి యంతయు పురుషుల పేర్లతోనే చెప్పబడుచున్నది. కాని మా మనస్సున నిలిచినది స్త్రీలు విడిచిపోయిన గుఱుతులు.

ఉదయమున రైలు స్టేషను నుండి బయలుదేఱి కొంతదూరము పోవునప్పటికే, ఇఱుకుసందుల కొనను ఎఱ్ఱని గోపురము కానవచ్చెను. ప్రధానాలయముపైనున్న ఈ గోపురమును బ్రూనెల్లెస్కి యను శిల్పి 1420లో నారంభించి 1436లో ముగించెను. క్రిందినుండి కొయ్యచట్రము నిలుపకయే, ఇటుకలను చేపముల్లు వలె ఏటవాలుగ పేర్చి, లోపల నొకటి వెలుపల నొకటిగా రెండు కప్పులు కట్టెను. 463 మెట్లెక్కి పైకి చేరితిమి. మోకాళ్లు నొచ్చిన మాట నిజమే, కాని క్రింద పఱచుకొనియున్న ఎఱ్ఱపెంకుల యిండ్లను, వాని నడుమ పాఱు ఆర్నో నదిని చూచి బడలిక మఱచితిమి.

దిగి, సెర్వీ వీథివెంట నడచితిమి. ఆ వీథి చివరనున్న విశాలమైన కూడలికి ఒకప్రక్క ఇన్నొచెంతి యను శిశుశరణాలయము గలదు. దీనిని కూడ బ్రూనెల్లెస్కియే 1419లో నారంభించెను. వ్యయమును పట్టువర్తకుల సంఘము వహించెను. ముంగిటి కమానుల నడుమ నీలవర్ణపు గుండ్రని పలకలమీద, పొత్తిగుడ్డలలో చుట్టిన తెల్లని పసిబిడ్డల బొమ్మలు చేతులు చాచి నిలిచియున్నవి. 1445వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీని ఇచ్చట చేర్చుకొనబడిన మొదటి శిశువు ఆడుబిడ్డ. ఆమెకు ఆగతా స్మెరాల్డా యని పేరిడిరి.

లోపలి మ్యూజియములో చిన్నచిన్న సొరుగులు గలవు. ఒక్కొక్క సొరుగుపై నొక బిడ్డ పేరు. వానిని తెఱచి చూచితిమి. విఱిగిన పతకపు సగము, పూసలు, గుడ్డముక్కలు! తల్లి తన బిడ్డను ఇచ్చట విడుచునప్పుడు పతకమును రెండుగ విఱిచి, ఒక సగము బిడ్డతో నుంచి, రెండవ సగము తనయొద్ద దాచుకొనెడిది. ఏనాటికైన దినములు బాగుపడినచో తిరిగివచ్చి, రెండు సగములను కలిపి చూపి, బిడ్డను తీసికొనిపోవలెనని ఆమె యాశ. ఆ రెండవ సగములు ఏ పేదయింటి పెట్టెలలో, ఏ కొంగుముడులలో మాసిపోయినవో! ఆ శరణాలయము నేటికిని శిశుసంరక్షణ కార్యములు సాగించుచున్నది.

మధ్యాహ్నము చిక్కుడుగింజలు, ఆకుకూర, ఎండురొట్టె కలిపి యుడికించిన రిబొల్లిత యను వంటకమును తింటిమి. ఇచ్చటి రొట్టెలో ఉప్పు వేయరు. మనకది చప్పగానుండును గాని, కూరతో తిన్న కొలది రుచి తెలియును. ఇంట అందఱికిని వడ్డించి పిమ్మట తినుట యలవాటైన మాకు, ఎవరి రాకకును వేచియుండక ఆకలివేళ తినుట యొక క్రొత్త యనుభవము. ఒంటరిగ గూర్చుండి తినుచున్న స్త్రీని ఎవ్వరును వింతగ చూడలేదు.

పిమ్మట సాన్ లొరెంజో దేవాలయమునకు పోయితిమి. నగరమునేలిన మెడిచీ వంశస్థుల సమాధులు అచ్చట నున్నవి. 1737లో ఆ వంశపు తుదిప్రభువు సంతానము లేక మరణింపగా, రాజ్యము పరవంశము పాలయ్యెను. అతని యక్క అన్నా మరియా లూయీజా భర్తను గోల్పోయి పుట్టినిల్లు చేరినది. ఆమెకును బిడ్డలు లేరు. రాజ్యమును నిలుపుట ఆమె చేతిలో లేదు. కాని ఆ యేడే ఆమె క్రొత్త ప్రభువుతో నొక యొడంబడిక చేసికొనెను. తన పెద్దలు కూర్చిన చిత్రములు, విగ్రహములు, గ్రంథములు, రత్నములు నగరమునకే చెందవలెననియు, వెలుపలికి తరలింపరాదనియు అందు వ్రాయించెను. 1743లో ఆమె గతించెను. 1769లో ఉఫ్ఫీట్సీ చిత్రశాల ప్రజలకు తెఱవబడెను. నేడు లోకమెల్ల వచ్చి చూచుచున్న ఆ సంపద చెదరిపోక నిలిచినది ఆ విధవరాలి ముందుచూపు వలననే.

సంధ్యవేళకు 1345లో కట్టిన పాతవంతెన చేరితిమి. 1593లో ప్రభువు మాంసపు టంగళ్లను తొలగించి కంసాలులకు చోటిచ్చినది మొదలు దానిపై బంగారపు నగల దుకాణములే. 1944లో జర్మను సేనలు నగరమును విడుచుచు తక్కిన వంతెనలన్నిటిని కూల్చినను దీనిని మాత్రము విడిచిరి. అద్దముల వెనుక నగలు మెఱయుచుండెను. వానిముందు నిలిచినను మాకు తలపునకు వచ్చినది సొరుగులోని ఆ విఱిగిన పతకమే.

సోదరీమణులారా! మీరెప్పుడైన ఒక ప్రాచీననగరమునకు పోయినచో, దీనిని ఎవరు కట్టిరని యడుగుటతో నిలువకుడు. దీనిని ఎవరు కాపాడిరి, ఇచ్చట ఎవరు ఏమి కోల్పోయిరి యనియు నడుగుడు. ఆ ప్రశ్నలకు బదులు పెక్కుసారులు పెద్దవీథిలో దొరకదు. ప్రక్కసందున, నడచిపోవువారికే దొరకును.