లండను నగరమున అద్దె గది

విద్యార్థమై దూరదేశమునకు పోవువాడు ఏ విద్య నేర్వవలెనో, ఏ కళాశాలలో చేరవలెనో బహుకాలము ఆలోచించును. రాత్రి ఎక్కడ పరుండవలెనో మాత్రము విమానమెక్కువరకు ఆలోచింపడు. ఇరువది సంవత్సరములుగా పాఠములు చెప్పుచున్న నాయొద్దకు పూర్వవిద్యార్థులు ప్రయాణమునకు ముందు సెలవు తీసికొనుటకు వత్తురు. "ఎక్కడ దిగుదువు, నాయనా?" అని నేనడుగుదును. "అక్కడ మనవాళ్లున్నారు మాస్టారూ, వెళ్లి చూచుకొందును" అనుటయే తరచు లభించు ప్రత్యుత్తరము.

ఈ చిక్కు నేటిది కాదు. 1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండను చేరిన గాంధీ మహాత్ముడు మొదట ఒక కుటుంబమునందు బసచేసి, ఆ వ్యయము భారమని తోచగా వేరుగా గదులు తీసికొనెను. పనిగల చోటికి అరగంటలో నడిచిపోవునట్టి స్థలముననే వానిని ఎన్నుకొనెను. తరువాత రెండు గదులు మాని ఒక గదితో తృప్తిపడి, పొయ్యి కొని, ఉదయపు జావ స్వయముగా వండుకొనుచు, దినమునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో గడపగలిగెను. అద్దెను, బండి కూలిని వేరువేరుగాక ఒక్క లెక్కగా చూచుటయే ఆయన చూపిన తెలివి.

పొదుపరికి సయితము తలుపులు మూయబడిన కాలము కలదు. నల్లవారికి గది లేదని వ్రాసిన పలకలు ఆ నగరమున వ్రేలాడెడివి. ఇండ్ల విషయమున అట్టి భేదమును నిషేధించు చట్టము 1968లోగాని రాలేదు. అంతకు చాల పూర్వమే, మన దక్షిణదేశపు సేలము పట్టణమున జన్మించిన కె. టి. పాల్ గారి కృషివలన 1920లో భారతీయ వై.ఎం.సి.ఏ. వసతిగృహము లండనులో వెలసినది. నేడది ఫిట్జ్‌రాయ్ స్క్వేరున ఉన్నది.

నేటి చిక్కు ముఖ్యముగా ధనమునకు సంబంధించినది. 2025 జనవరిలో లండనులో చదువగోరిన పరదేశ విద్యార్థి, రుసుము గాక, నెలకు 1,483 పౌనుల చొప్పున తొమ్మిది నెలల ఖర్చును బ్యాంకులో చూపవలసివచ్చెను. అది 13,347 పౌనులు. అనగా అప్పటి లెక్కన సుమారు 14 లక్షల రూపాయలు. ఆ సొమ్ము వరుసగా 28 దినములు నిలువయుండవలెను. మన తలిదండ్రులు కొందరు అప్పుచేసి ఆ 28 దినములు చూపి, వెంటనే తిరిగి ఇచ్చివేయుదురు. చూపిన సొమ్ము తినుటకు మిగులదు, అద్దెకును మిగులదు.

నాయొద్ద లెక్కలు నేర్చిన యొక పిల్లవాడు 2023లో అచ్చటికి పోయెను. తండ్రి రెండెకరముల మాగాణి తనఖా పెట్టెను. పిల్లవాడు ఇక్కడినుండియే ఒక ప్రకటనలోని చిత్రములు చూచి, గదికై 400 పౌనులు పంపెను. చేరిన పిమ్మట ఆ చిరునామాకు పోగా, ఆ యింటివారికి అద్దె సంగతియే తెలియదు. మూడు వారములు ఈస్ట్ హాములో నలుగురితోగూడ ఒక గదిలో నేలపై పరుండెను. ఇంగ్లండులో సంపాదనగల జామీనుదారుని చూపుమనియో, ఆరు నెలల అద్దె ముందుగా నిమ్మనియో అడిగినవారే యెక్కువ. క్రొత్తగా వచ్చినవానికి జామీను ఎవరుందురు? తుదకు తన తరగతిలోని నైజీరియా విద్యార్థితో కలిసి బార్కింగులో ఒక గది సంపాదించెను. "అద్దె తగ్గినది గాని మాస్టారూ, రైలు ఖర్చు పెరిగినది" అని నాకు వ్రాసెను.

కావున పోవువారు కొన్ని సంగతులు ఎరుగవలెను. కళాశాలలో చోటు దొరికిన దినముననే దాని వసతిగృహమునకు దరఖాస్తు చేయవలెను. గడువు దాటినయెడల చోటు దుర్లభము. కన్నులార చూడని గదికి, నమ్మదగినవారు చూచిరాని గదికి, ఒక్క పౌను పంపరాదు. 2019 చట్టము ప్రకారము సామాన్యపు అద్దె ఇంటికి ఐదు వారముల అద్దెకు మించి ధరావతు తీసికొనరాదు. ఆ ధరావతును యజమాని 30 దినములలో ప్రభుత్వము ఆమోదించిన రక్షణ సంస్థయందు చేర్పవలెను. అయితే యజమాని కాపురముండు ఇంటిలోనే గది తీసికొనువానికి ఈ రక్షణ లేదు. ప్రైవేటు ఇండ్లకు ఒక నెలకు మించి ముందస్తు అద్దె అడుగరాదని 2025లో చట్టమైనది. అమలునకు 2026 మే 1వ తేది నిర్ణయింపబడినది.

ఇంతవరకు పరదేశపు మాట. మన సంగతి యేమి? నేను ఉపాధ్యాయ శిక్షణకై పట్టణమునకు పోయినప్పుడు, రెండిండ్లలో గది ఖాళీగా నుండెను. నా పేరు విన్న పిమ్మట లేదనిరి. మూడవ యింటి వృద్ధురాలు నన్నడిగినది ఒక్కటే: "రాత్రి ఎన్ని గంటలదాక దీపము వెలిగింతువు, బాబూ?" పది గంటలని చెప్పగా, పెరటిలోని పెంకుటింటి గది తాళము చేతికిచ్చెను. ఆ సంవత్సరము నా చదువు సాగినది ఆ గదివలననే.

మన బిడ్డలకు లండనులో ఎవరైన తలుపు తీయవలెనని కోరుచున్నాము. అది న్యాయమైన కోరికయే. కాని మన వీధికి పల్లెనుండియో, తండానుండియో, పరరాష్ట్రమునుండియో చదువుకై వచ్చిన పిల్లవాడు గది అడిగినప్పుడు మనము వానిని ఏమని ప్రశ్నించుచున్నాము? అద్దె యియ్యగలడా, ఇంటిని శుభ్రముగా నుంచునా, దీపమెప్పుడు ఆర్పును అను ప్రశ్నలు చాలును. అంతకు మించిన ప్రశ్న అడుగుట, విద్యార్థి యెదుట తలుపు మూయుటయే యగును.