మేత వెనక మేత

ఒక చేపను పెంచడానికి ఇంకొన్ని చేపల్ని పొడి చేసి వేయడం చాలాకాలంగా నా మనసుకు ఎక్కని పద్ధతి. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు కోటీ డెబ్భై లక్షల టన్నుల చేపలు మనిషి కంచంలోకి రాకుండానే పొడిగా, నూనెగా మారాయి. ఆ పొడిలో పెరూ తీరపు ఆంచోవెటా అనే చిన్న చేపది పెద్ద వాటా. 2023లో ఎల్ నినో వచ్చి అక్కడి మొదటి వేట సీజను రద్దయ్యేసరికి చేపపొడి ధర అన్ని దేశాల్లోనూ పెరిగింది. చెరువు ఖర్చులో సగానికి పైగా మేతకే పోసే రైతుకు, ఎక్కడో సముద్రం వేడెక్కడం కూడా తన గట్టు మీది సమస్యే.

అందుకే పురుగుల పొడి గురించి మొదట చదివినప్పుడు నాకు గొప్ప ఆశ పుట్టింది. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగ కుట్టదు, మన ఇళ్ళలోకి దూరదు. రెక్కలొచ్చాక కొద్ది రోజులే బతుకుతుంది. దాని లార్వా మాత్రం రెండు వారాలు విడవకుండా తింటుంది. కుళ్ళిన కూరగాయలైనా, పళ్ళ తొక్కలైనా దానికి విందే. ఎండబెట్టి కొవ్వు తీస్తే మిగిలే పొడిలో సగం దాకా ప్రొటీన్ ఉంటుంది. లార్వా వదిలిన మడ్డి పొలానికి ఎరువు. ఇంతకంటే చక్కని చక్రం ఇంకేముంటుందని అనిపించింది.

కైకలూరు వైపు ఒక చెరువు గట్టు మీద ఒక పెద్దాయనకు ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. శీలావతి, బొచ్చె పెంచుతున్నాడు. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, నీళ్ళలో పాతిన కర్రలకు కట్టిస్తున్నాడు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి మేత లాక్కుంటాయి. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు.

"బాగానే ఉందండీ. మరి ఆ పురుగుకేం పెడతారు?"

చెత్త పెడతారన్నాను. "రోజూ అంత చెత్త, ఒకే రకంగా, ఎక్కణ్ణుంచొస్తుందండీ?" అన్నాడు. ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది. అప్పట్నుంచి పురుగుల మేత మీద ఏం చదివినా ముందు దాని జవాబే వెతుకుతున్నాను.

ప్రయోగశాలల్లో ఆ లార్వాలకు తరచూ పెట్టేది గోధుమ పొట్టు, మొక్కజొన్న పిండి, ఆల్ఫాల్ఫా గడ్డి కలిపిన మేత. యూరోపియన్ యూనియన్ 2017లో ఏడు రకాల పురుగుల ప్రొటీన్‌ను చేపల మేతలోకి అనుమతించింది గాని, ఆ పురుగులకు హోటళ్ళ ఎంగిలి, పేడ పెట్టకూడదంది. పిచ్చి ఆవు వ్యాధి నేర్పిన జాగ్రత్త అది, సరైనదే. కాని దానివల్ల అక్కడి పురుగుల్లో చాలా భాగం పశువులు నేరుగా తినగల పొట్టు మీదే పెరగాల్సి వస్తోంది. పురుగు తిన్నదంతా ఒంటపట్టదు. కొంత ఊపిరిగా, వేడిగా పోతుంది, కొంత మడ్డిగా మిగులుతుంది. పెద్దాయన సంచిలోని తవుడును పురుగుకు పెట్టి, ఆ పురుగును శీలావతికి పెడితే, శీలావతి స్వయంగా తినగలిగిన దానికి మధ్యలో ఒక వాటాదారును చేర్చినట్టే. పైగా శీలావతికీ బొచ్చెకీ చేపపొడి అవసరం మొదట్నుంచీ తక్కువే. ఆ అవసరం ఉన్నవి వనామి రొయ్య, కొరమీను వంటివి.

చెత్త కూడా దిక్కులేనిది కాదు. హైదరాబాదులో బోయిన్‌పల్లి మార్కెట్టు కూరగాయల చెత్త నుంచి గ్యాస్, కరెంటు తీస్తున్నారు. ఊళ్ళలో అదే చెత్త గేదె గాబులోకో, పెంటకుప్పకో పోతుంది. ఎవరికీ పట్టకుండా డంపింగ్ యార్డులో కుళ్ళిపోయేది పురుగుకు దక్కితే, ఆ పొడి సముద్రం మీద భారాన్ని నిజంగా తగ్గిస్తుంది. ఆ తేడాను చూడటమే నేను నేర్చుకున్నది.

ఈ చూపుతో చూస్తే మన దగ్గరే ఒక పాత జవాబు కనిపించింది. హిందూపురం, ధర్మవరం వైపు పట్టుగూళ్ళు ఉడికించి దారం తీశాక లోపలి పురుగులు, అంటే ప్యూపాలు, మిగులుతాయి. పచ్చి గూడు బరువులో ఎక్కువ భాగం వాటిదే. ఎండబెట్టిన ప్యూపాలో సగం ప్రొటీనే. పట్టుపురుగు మల్బరీ ఆకు తిన్నది పట్టు కోసం, దాని ఖర్చు పట్టు ధరలోనే తీరిపోయింది. చేప కోసం కొత్తగా ఒక్క ఆకూ కోయక్కర్లేదు. చైనాలోని హుజౌ ప్రాంతంలో గట్టు మీద మల్బరీ, గూట్లో పట్టుపురుగు, చెరువులో చేప, చెరువు బురద మళ్ళీ మల్బరీ మొదట్లోకి, ఇలా వందల ఏళ్ళుగా సాగుతోంది. 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) దాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ప్యూపాకూ ఇబ్బందులున్నాయి. కొవ్వు ఎక్కువ, త్వరగా కంపు కొడుతుంది, వెంటనే ఎండబెట్టి నూనె తీయాలి. దారం తీసే రీలింగ్ కేంద్రాల దగ్గరే ఆ ఏర్పాటుంటే తీరే ఇబ్బందులే ఇవి.

పురుగుల పొడి మీద నా ఆశ చావలేదు, కుదురుకుంది. దాంట్లో సముద్రపు చేపలో ఉండే ఒమేగా-3 కొవ్వులు దాదాపు లేవు కాబట్టి చేపపొడికి అది పూర్తి బదులు కాలేదు, కొంత వాటా మోయగలదు. మేత సంచి మీద ప్రొటీన్ అంకె కూడా జాగ్రత్తగా చదవాలి. నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేయడం మామూలు లెక్క. పురుగు పెంకులోని కైటిన్‌లోనూ నత్రజని ఉండటంతో అంకె పెరిగిపోతుంది, లార్వాలకు 4.76 సరైనదని పరిశోధకులు తేల్చారు.

ఆ అంకె పక్కనే ఇంకో వరుస కూడా అచ్చువేయాలి. ఈ పురుగు ఏం తిని పెరిగింది, అది ఎవరి నోటి దగ్గర్నుంచి వచ్చింది? డబ్బు పెట్టి సంచి కొనే రైతుకు ఈ సంగతి తెలుసుకునే హక్కుంది. ఆ హక్కును చట్టం గుర్తించేదాకా మేతకొట్టులో బేరం మొదలుపెట్టేముందు ప్రతి రైతూ అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.