ఆపడం తెలిసిన చార్జరు

కోదాడలో పెన్సిల్ సెల్లు దొరకని కొట్టు ఉండదు. కిరాణా కొట్టయినా, ఫ్యాన్సీ షాపయినా, బస్టాండు దగ్గర ఫోను కవర్లు అమ్మే బండయినా, అడగ్గానే రెండు తీసి చేతిలో పెడతారు. చార్జింగ్ సెల్లులు కావాలంటే మాత్రం ఒకటి రెండు షాపులు చూపిస్తారు. వాటికి మంచి చార్జరు కావాలంటే హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీకో, విజయవాడకో వెళ్లేవాళ్లకు చెప్పాలి, కాదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అందుకే సెల్లు ఏ కంపెనీదని నాలుగుసార్లు తిప్పి చూసేవాళ్లు కూడా చార్జరు దగ్గరికొచ్చేసరికి దాంతోపాటు ఏదిస్తే అది తెచ్చుకుంటారు. ఏడాది తిరక్కముందే సెల్లులు చచ్చుబడిపోతే, చార్జింగ్ సెల్లులన్నీ ఇంతేనని మళ్లీ మామూలు సెల్లులకు పోతారు. వాటిని చంపింది చార్జరని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. అది చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

మా వైపు ఇళ్లకు సెల్లుతో చుట్టరికం కలిపింది పొలం. సాగర్ ఎడమ కాలువ కింద వంతు నీళ్లు వచ్చినా, బోరు మోటారుకు రాత్రి కరెంటు ఇచ్చినా, మడవ మార్చడానికి అర్ధరాత్రి గట్టు మీద నడవాల్సిందే. చేతిలో మూడు సెల్లుల బ్యాటరీ లైటు ఉండేది. అడుగు ముందు పాము ఉందో లేదో చెప్పేది ఆ వెలుగే. నెల్లూరులో తయారైన నిప్పో సెల్లులు, ఎర్ర ఎవరెడీ సెల్లులు ప్రతి ఊరి కొట్లోనూ ఉండేవి. లైటు మందగిస్తే సెల్లులు తీసి ఎండలో పెట్టి, ఇంకో రాత్రికి వస్తాయేమోనని చూసేవారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక రాత్రి మోటారు బాధ తగ్గింది. బ్యాటరీ లైట్లలోకి కూడా లోపలే చార్జింగ్ అయ్యేవి వచ్చేశాయి. అయినా సెల్లులు ఇంట్లోంచి పోలేదు. టీవీ రిమోటు, గోడ గడియారం, పెద్దవాళ్ల బీపీ మిషను, పిల్లల బొమ్మలు, గుళ్లో, చర్చిలో వైర్‌లెస్ మైకు, అన్నిటికీ అవే.

వడ్లు కొనే కేంద్రాల్లో తేమ చూసే మీటర్లు కొన్ని కూడా పెన్సిల్ సెల్లుల మీదే నడుస్తాయి. ఈ మీటరు సంగతి ఇక్కడే కొంచెం చెప్పాలి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, ఈ మూడు చోట్లా కోతల కాలం అంటే 17 శాతం చుట్టూ తిరిగే కాలం. తేమ అంతకు మించితే వడ్లు మళ్లీ ఆరబోయాలి. మబ్బు పట్టిన సాయంత్రం, రాశి పక్కన రైతు నిలబడి ఉండగా మీటరు తెర మీద సెల్లు గుర్తు మినుకుమినుకుమంటే ఆ వరుసంతా ఆగిపోతుంది. అలాంటి చోట చార్జి చేసిన సెల్లులు రెండు జతలు సిద్ధంగా ఉండడం రైతుకు చేసే సాయం. వాటిని నమ్మకంగా నింపే చార్జరు ఉంటేనే అది కుదురుతుంది.

చవక చార్జరు లోపల పెద్దగా ఏమీ ఉండదు. ఎన్ని గంటలని పెట్టి ఉంటే అన్ని గంటలు కరెంటు పంపుతుంది. కొన్నింటికి ఆ గంటల లెక్క కూడా ఉండదు, మనమే గుర్తుపెట్టుకుని తీయాలి. సెల్లు సగం నిండి వచ్చిందా, పూర్తిగా ఖాళీ అయి వచ్చిందా దానికి తెలియదు. పైగా మన దగ్గర కరెంటు తీరు వేరు. ఏప్రిల్ నుంచి గాలివాన లేచిందంటే కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. వచ్చిన ప్రతిసారీ ఆ చార్జరు తన గంటలను మొదటి నుంచి లెక్కపెట్టుకుంటుంది. నిండిన మడిలోకి నీళ్లు వదులుతూ పోతే గట్టు తెగినట్టే సెల్లుకూ జరుగుతుంది. అదనంగా వెళ్లిన కరెంటంతా వేడిగా మారుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, తడి ఆరిపోతుంది. ఒకటి రెండుసార్లకు తెలియదు. ఒక వేసవి గడిచేసరికి తెలుస్తుంది.

ఇప్పుడు ఇళ్లలో వాడే చార్జింగ్ సెల్లులు ఎక్కువగా నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. ఇవి నిండేటప్పుడు వోల్టేజి మెల్లగా పైకి పోతుంది. నిండగానే శిఖరం దాటి ఒక వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. ఆ దిగుడు 5 నుంచి 10 మిల్లీవోల్టులు, అంటే వోల్టులో నూరో వంతుకు మించదు. స్మార్ట్ చార్జరు అని దేన్నైనా పిలవాలంటే అది ఈ చిన్న దిగుడును పట్టుకుని ఆగాలి. సెల్లు వేడి గబగబా పెరగడాన్ని కూడా కనిపెడితే మరీ మంచిది. కరెంటు పోయి వచ్చినా ఇలాంటిది కొత్తగా గంటలు లెక్కపెట్టదు. సెల్లును మళ్లీ చూసుకుని, నిండినదైతే కాసేపట్లోనే ఆగిపోతుంది.

మరీ నెమ్మదిగా ఎక్కిస్తే ఆ దిగుడు చార్జరుకు అందదు. మరీ వేగంగా ఎక్కిస్తే సెల్లు కాగిపోతుంది. 2000 ఎంఏహెచ్ పెన్సిల్ సెల్లుకు 500 నుంచి 1000 మిల్లీ ఆంపియర్ల మధ్య పెట్టుకుంటే రెండున్నర నుంచి అయిదు గంటల్లో నిండుతుంది. నేనైతే 500 వైపే మొగ్గుతాను. మే నెలలో కోదాడ, సూర్యాపేటల్లో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. అంత వేడిలో ఈ సెల్లులు కరెంటును సరిగా తీసుకోవు, వోల్టేజి దిగుడు కూడా పలచబడుతుంది. అందుకని ఎండాకాలం చార్జింగ్ తెల్లవారుజామున పెట్టడం మేలు. చార్జరును ఫ్రిజ్ మీదా స్టెబిలైజర్ మీదా కాకుండా గాలి ఆడే చోట చల్లటి బండల మీద పెట్టాలి.

షాపులో చూడాల్సింది ముందుగా ఒకటి: ఒక్క సెల్లు పెట్టినా ఎక్కుతుందా? చాలా చవక చార్జర్లు రెండేసి సెల్లులను జతగానే ఎక్కిస్తాయి. జతలో ఒకటి ముందే నిండితే, రెండోది నిండేదాకా మొదటిది ఉడుకుతూనే ఉంటుంది. రిమోటులోంచి ఒకటి, బొమ్మలోంచి ఒకటి తీసి జత కట్టడం మన ఇళ్లలో మామూలే. కాబట్టి చార్జరులో సెల్లు పెట్టే ప్రతి గదికీ విడిగా లైటు, విడిగా ఆగడం ఉన్నదే కొనండి. ఏ సెల్లులోకి ఎంత ఎక్కిందో అంకెల్లో చూపే తెర ఉంటే ఇంకా ఉపయోగం. ఏది ముసలిదైందో పట్టుకోవచ్చు, దాన్ని జతలోంచి తప్పించవచ్చు. ఒక బలమైన సెల్లు, ఒక బలహీనమైన సెల్లు ఒకే టార్చిలో ఉంటే బలహీనమైనది పూర్తిగా అయిపోయాక కూడా రెండోది దానిలోంచి కరెంటును తోస్తుంది. బలహీనమైనది తిరగబడి పాడవుతుంది. సెల్లుల మీద మార్కరుతో జత నంబరు రాసుకోవడం చిన్న పనే, చాలా కాపాడుతుంది.

మామూలు సెల్లు పొరపాటున పెడితే వద్దని చెప్పే చార్జరైతే పిల్లలున్న ఇంటికి తప్పనిసరి. చార్జింగ్‌కు పనికిరాని సెల్లును ఎక్కిస్తే కారుతుంది, పగలవచ్చు కూడా. ఈమధ్య వస్తున్న 1.5 వోల్టుల లిథియం సెల్లులకు వాటి చార్జరు వాటిదే, నికెల్ సెల్లుల చార్జరులో పెట్టకూడదు.

సెల్లు మీద రాసిన అంకెల గురించి కూడా చెప్పాలి. పెన్సిల్ సైజు నికెల్ సెల్లులో నిజంగా పట్టేది మహా అయితే 2700, 2800 ఎంఏహెచ్. 4000, 4600 అని రాసి ఉంటే అది అబద్ధం, కొనకండి. 2005లో జపాన్‌లో సాన్యో కంపెనీ తెచ్చిన ఎనెలూప్ రకం సెల్లులు 2000 దగ్గరే ఉన్నా, ఏడాది పక్కన పెట్టినా చాలా భాగం చార్జి నిలుపుకుంటాయి. ఇంటికి అవే సరైనవి. సెల్లు ప్యాకెట్ మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 అనే సంఖ్య, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. ఇక ఖర్చంటారా, సెల్లు ఒకసారి నింపడానికి వృథా అంతా కలుపుకున్నా అయిదు వాట్ అవర్లు చాలు. ఒక్క యూనిట్ కరెంటుతో సుమారు 200 సార్లు నింపవచ్చు.

పెద్దవాళ్లు ఇంకా ఒక మాట అంటుంటారు, పూర్తిగా అయిపోయాకే చార్జింగ్ పెట్టాలని. అది పాత నికెల్ కాడ్మియం సెల్లుల నాటి అలవాటు. ఇప్పటివాటికి ఆ అవసరం లేదు, పూర్తిగా పీల్చేస్తే చెరుపే.

ఆ పాత కాడ్మియం సెల్లులు ఇంట్లో ఏ డబ్బాలోనో ఉంటే మాత్రం చెత్త బండిలో వేయకండి, కాడ్మియం విషం. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు అన్ని రకాల సెల్లులకూ వర్తిస్తాయి. వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద ఉంది. కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ సెల్లు మీద ఉండేది చెత్తలో వేయవద్దని చెప్పడానికే. కోదాడలో కొత్త సెల్లులు అమ్మే ప్రతి షాపు గల్లా పక్కన పాత సెల్లులు వేయడానికి ఒక డబ్బా పెడితే, అందులో వేయడానికి మా ఇంటి నుంచే ఒక సంచి నిండా తెస్తాను.