మంచినీళ్ల డ్రమ్ము

సాయంత్రం భైరవపాలెం రేవులో బోటు దిగాం. అందరూ ఇళ్లకు పోతుంటే బాబాయ్ మాత్రం బోటు వెనకున్న ఇంజను విప్పి, ప్రొపెల్లరుండే దాని కాలు మంచినీళ్ల డ్రమ్ములో ముంచి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేశాడు.

ఇంజను పక్కనున్న సన్న రంధ్రంలోంచి నీళ్లు ధారగా కొడుతున్నాయి. వేలు పెట్టి చూసి, "వెచ్చగానే వస్తున్నాయిరా, ఇంకాసేపు తిరగనీ" అన్నాడు.

ఏటినీళ్లు సముద్రమంత ఉప్పు కాదులే అని చాలామంది ఇలా కడగడం వదిలేస్తారు.
ఆ కాస్త ఉప్పే లోపల నీటిదారుల్లో ఎండి గడ్డకడుతుంది. మడ బురద తోడైతే దారి పూడి ఇంజను వేడెక్కుతుంది.

(ఇంజను తుప్పు పట్టకుండా బిగించే ఆనోడ్ కూడా ఇలాంటి నీళ్లకు జింకుది కన్నా అల్యూమినియంది మేలు. అది సగం అరిగిపోతే మార్చేయాలి.)

బాబాయ్ ఇంజను ఆపాక దాన్ని నిటారుగా నిలబెట్టి, లోపలి నీళ్లు చుక్క మిగలకుండా కారనిచ్చాడు.

అన్నం పెట్టే వస్తువును ఇంత ఓపిగ్గా చూసుకునేవాళ్లంటే నాకెంతో గౌరవం.

బోటున్నవాళ్లూ, మీరెలా కడుగుతారో రాయండి.